అమ్మమ్మ కప్పుల రేటెంత?
ఉయ్యూరులో అమ్మమ్మ ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద తాతయ్య మద్రాసు నుంచి తెచ్చిన పింగాణీ టీ సెట్ దొరికింది. కప్పు అడుగున ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ అని ముద్ర. అంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, అమెరికా పెత్తనం ముగిసిన 1952 లోపు సరుకన్నమాట!

ఆన్‌లైన్‌లో వేలల్లో రేట్లు చూసి ఎగిరి గంతేశా. కానీ అవి అమ్మేవాళ్లు అడిగే ధరలు మాత్రమే. ఈబేలో ‘సోల్డ్ ఐటమ్స్’ ఫిల్టర్ పెడితే అసలు సంగతి తెలిసింది. పాతదైనంత మాత్రాన ఖరీదైనది కాదు. ఇలాంటివి బోలెడు ఉన్నాయి.

మీరు కొనేటప్పుడైతే కప్పును గోటితో మీటండి. ఖంగుమంటే మంచిది, బొంగురుగా మోగితే ఎక్కడో పగులున్నట్టే. అంచు చుట్టూ వేలు తిప్పండి. చిన్న పెచ్చు ఊడినా ధర పడిపోతుంది.

మా సెట్‌లో ఒక కప్పుకి అంచు విరిగింది. పక్కన పెట్టేస్తుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది. ‘‘తాతయ్య రోజూ తాగింది దాంట్లోనేరా.’’

యాడ్ డిలీట్ చేశా.