స్ట్రాంగ్ పిల్స్‌నర్... ముందు వాసన చూడండి!

సైబర్ టవర్స్ చుట్టుపక్కల శుక్రవారం సాయంత్రం బీరు కబుర్లు మొదలైతే తరచూ వినిపించే ప్రశ్న ఒక్కటే - 'ఎంత పర్సెంట్?' సీసా బీరు నేర్పిన అలవాటిది. మన దగ్గర అమ్ముడయ్యేదాంట్లో సింహభాగం స్ట్రాంగే మరి. తెలంగాణలో 2015లో మైక్రో బ్రూవరీలకు నిబంధనలు వచ్చాయి. ఆ తర్వాత జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు అక్కడికక్కడే బీరు తయారుచేసి పోసే చోట్లు వెలిశాయి. ప్రశ్న మాత్రం మారలేదు!

పిల్స్‌నర్‌కి ఆ ప్రశ్న నప్పదు. దీని పుట్టిల్లు ఇప్పటి చెక్ దేశంలోని పిల్సెన్ పట్టణం. 1838లో పాడైన బీరు పీపాలను అక్కడి జనం నడివీధిలో పారబోశారట. తర్వాత ఊరివాళ్లే కొత్త బ్రూవరీ కట్టుకుని, బవేరియా నుంచి జోసెఫ్ గ్రోల్‌ని పిలిపించుకున్నారు. 1842లో ఆయన తీసిన బంగారు రంగు బీరే మొదటి పిల్స్‌నర్. లేత మాల్టు, సాజ్ రకం హాప్స్, లవణాలు బాగా తక్కువున్న నీళ్లు... అంతే సరంజామా. (మన బోరునీళ్లు శుద్ధి చేయనిదే దీనికి పనికిరావు.) ఆ బ్రూవరీ బీరులో ఆల్కహాలు 4.4 శాతమే.

దాన్ని ఏడెనిమిది శాతానికి పెంచాలంటే మాల్టు దండిగా వేయాలి. ఖర్చు తగ్గాలంటే పంచదార కలపొచ్చు గానీ, అప్పుడు బీరు పలచబడి ఘాటొక్కటే మిగులుతుంది. పైగా దీని ఈస్టు పది డిగ్రీల చలిలో నింపాదిగా పనిచేసే రకం. తర్వాత సున్నా దగ్గర వారాల తరబడి నిలవుంచాలి. గోధుమ బీరు రెండు మూడు వారాల్లో గ్లాసులోకొచ్చేస్తుంది. ఇదేమో ట్యాంకును పట్టుకుని కూర్చుంటుంది. తొందరపడేది ఇక్కడే.

ఆ తొందర ముక్కుకి దొరికిపోతుంది. వెన్న వాసన వస్తే పులియడం పూర్తవకుండానే దించేశారని అనుమానించొచ్చు. ఉడికించిన మొక్కజొన్న పొత్తు వాసన బలంగా వస్తే మరిగించడంలోనో, చల్లార్చడంలోనో లోపం ఉండి ఉంటుంది. పొద్దుటి కల్లుకీ మధ్యాహ్నపు కల్లుకీ తేడా పట్టగలిగిన మనవాళ్లకి ఇదో లెక్కా! కాకపోతే గడ్డకట్టేంత చల్లగా ఉంటే ఏ వాసనా తెలియదు. ఏడెనిమిది డిగ్రీలకి రానివ్వండి. ముందు చిన్న గ్లాసుతో శాంపిల్ అడగండి.

తెల్లటి నురగ కాసేపు నిలవాలి. మొదట బ్రెడ్డు లాంటి తీపి, వెనకాలే శుభ్రమైన చేదు రావాలి. గొంతు దిగాక వెచ్చదనం ఉండొచ్చు, మంట ఉండకూడదు. మింగాక నాలుక జిడ్డుగా, తియ్యగా ఉండిపోతే నా మార్కులు సగమే.

ఇక ఇంటికెళ్లే లెక్క. 8 శాతం బీరు 500 మిల్లీలీటర్ల మగ్గులో 40 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది. మామూలు విస్కీ 60 మిల్లీలీటర్ల పెగ్గులో ఉండేది పాతిక పైచిలుకు. అంటే మగ్గు ఒకటైనా పెగ్గులు ఒకటిన్నర! రుచి బాగా కుదిరిన బీరులో ఇది అస్సలు తెలియదు. డ్రంక్ అండ్ డ్రైవ్ చట్టం ఒప్పుకునే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. తాగే ఉద్దేశముంటే బండి ఇంటిదగ్గరే వదిలి వెళ్లండి.