రక్తం ఆగింది – ప్రమాదం ఆగిందా?



రక్తపు వాంతితో ఆసుపత్రికి చేరిన రోగికి రక్తం ఆగగానే ఇంటిల్లిపాది గండం గడిచిందని ఊపిరి పీల్చుకొంటారు. అది సహజమే. కాని జీర్ణాశయంలో ఉబ్బిన సిరలు చిట్లి రక్తం పోయినప్పుడు ఆ ఊరట తొందరపాటు కావచ్చును. సిర లోపలి ప్రవాహం కూడ ఆగినదో లేదో పరీక్షించుట చికిత్సలో అంతర్భాగమే కాని అదనపు వ్యయం కాదని నా అభిప్రాయం.

సిరోసిస్ వల్ల కాలేయం గట్టిపడినప్పుడు ప్రేవుల నుండి, ప్లీహం నుండి వచ్చే రక్తానికి దారి ఇరుకవుతుంది. పూడిపోయిన కాలువ గట్లు తెగి పొర్లినట్లు ఆ రక్తం జీర్ణాశయపు సిరలలోకి మళ్లి వాటిని ఉబ్బజేస్తుంది. 1992లో ఆచార్య శివకుమార్ సరీన్, వారి సహచరులు ఈ సిరలను స్థానాన్ని బట్టి నాలుగు రకాలుగా విభజించారు. అన్నవాహిక సిరలకంటె ఇవి అరుదుగా చిట్లినా, చిట్లినప్పుడు రక్తస్రావం మరింత తీవ్రంగా ఉంటుంది.

ఎండోస్కోపీ ద్వారా సైనోఅక్రిలేట్ అనే జిగురును సిరలోకి ఎక్కించుట దీనికి ఒక ముఖ్య చికిత్స. రక్తం తగలగానే అది గట్టిపడి బిరడావలె నిలుస్తుంది. అయితే సాధారణ ఎండోస్కోపీ చూపేది పైపొరను మాత్రమే. ఈ సిరలు గోడలో లోతుగా ఉండి, ఒక్కొక్కప్పుడు జీర్ణాశయపు సహజమైన ముడతలనే భ్రమ కలిగిస్తాయి. గొట్టం కొనన అల్ట్రాసౌండ్ పరికరం అమర్చిన ఎండోస్కోపీ ఇక్కడ అక్కరకు వస్తుంది. 1842లో క్రిస్టియన్ డాప్లర్ ప్రతిపాదించిన సూత్రం ఆధారంగా అది లోపలి రక్తపు కదలికను చూపుతుంది. జిగురు నింపిన పిదప కూడ ప్రవాహం కనబడినచో అది మరల రక్తస్రావం కాగలదన్న హెచ్చరిక. 2000లో హాంగ్‌కాంగ్ వైద్యులు ప్రకటించిన పరిశీలనలో, ఈ విధంగా చూస్తూ సిరలు పూర్తిగా మూసుకొనేవరకు జిగురు ఎక్కించిన రోగులలో తరువాతి రక్తస్రావం తగ్గింది.

ఇది జోస్యం కాదు. కాలేయస్థితిని, సిర పరిమాణాన్ని కూడ వైద్యుడు లెక్కలోకి తీసుకోవలసిందే. ఈ పరికరం ఖరీదైనదని, ఎక్కువగా పెద్ద నగరాలలోనే లభిస్తుందని ఆక్షేపించవచ్చును. అది నిజమే. కాని అది అందకపోయినా, చెప్పిన గడువుకు తిరిగి వెళ్లి సాధారణ ఎండోస్కోపీ అయినా చేయించుకొనుట అవసరం. నొప్పి లేదు, రక్తం లేదు. ఒకనాటి కూలి పోతుంది అన్న తలంపే రోగిని ఇంటివద్ద ఆపివేస్తుంది.

ఇక్కడే మన కర్తవ్యం ఉన్నది. ఆసుపత్రి చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. ఇంటి పెద్దలకు తెలిసినది తెలుగో, ఉర్దూయో. “లోపలి ప్రవాహం ఆగిందా? మరల ఎప్పుడు రావలెను?” అని వైద్యుని అడిగి, ఆ సమాధానాన్ని తన ఇంటి భాషలో వివరించగల విద్యార్థి ఒక ప్రాణాన్ని నిలుపగలడు. చదువుకు ఇంతకంటె సార్థకత ఏమున్నది?