విహార నౌకా ప్రయాణం ఖర్చుపై రూపాయి మారకం విలువ ప్రభావం

విజయవాడ: అమెరికన్ డాలరుతో రూపాయి మారకం విలువ 2025 డిసెంబరు 3న మొదటిసారిగా 90 రూపాయల గీత దాటిన సంగతి విదితమే. అంతకు మూడు వారాల లోపే, నవంబరు 15న, గన్నవరం అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి సింగపూర్‌కు నేరుగా వెళ్లే విమాన సర్వీసును ఇండిగో సంస్థ పునఃప్రారంభించింది. 2018 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వ చేయూతతో మొదలైన ఈ సర్వీసు 2019లో నిలిచిపోయింది. ఈ రెండు సంఘటనలకూ పైకి సంబంధం కానరాకపోయినా, సింగపూర్‌లో విహార నౌక ఎక్కాలని తలపెట్టిన కృష్ణా డెల్టా కుటుంబం విషయంలో అవి ఒకేచోట కలుసుకుంటున్నాయి. ప్రయాణం సులువైన తరుణంలోనే దాని ఖరీదు రూపాయల్లో పెరిగింది.

సింగపూర్ ఆసియాలోని ప్రధాన విహార నౌకా కేంద్రాల్లో ఒకటి. పెద్ద నౌకల కోసం ప్రత్యేకంగా నిర్మించిన మెరీనా బే టెర్మినల్ 2012లో అందుబాటులోకి వచ్చింది. అక్కడి నుంచి పెనాంగ్, ఫుకెట్ వంటి రేవులకు మూడు నాలుగు రాత్రుల యాత్రలు సాగుతుంటాయి. మన ప్రాంతంలో ఈ యాత్రలను ఏజెన్సీల ద్వారా కొనుగోలు చేసేవారు ఎక్కువ. ప్రకటనల్లో ధర రూపాయల్లోనే కనిపిస్తుంది. అయితే ఆ ధర కింద చిన్న అక్షరాలతో "చెల్లింపు రోజు మారకపు రేటు ప్రకారం" అన్న షరతు ఉంటుంది. ఈ షరతు ఉన్నంతవరకు ప్రకటించిన రూపాయల మొత్తం అంచనా మాత్రమే. అసలు బాకీ విదేశీ నాణెంలోనే ఉంటుందన్నది మొదట గుర్తించవలసిన విషయం.

ఆ నాణెం ఏది అన్నది రెండవ ప్రశ్న. మన పత్రికల్లో రూపాయి విలువ అనగానే అమెరికన్ డాలరుతో పోల్చి వ్రాయడం ఆనవాయితీ. చమురు, బంగారం దిగుమతులకు ఆ పోలిక సరిపోతుంది గాని, నౌకా ప్రయాణికునికి అది చాలదు. 2025 సంవత్సరమే ఇందుకు నిదర్శనం. ఆ ఏడాది ఆరంభంలో 85 రూపాయలకు పైన ఉన్న అమెరికన్ డాలరు డిసెంబరు తొలివారానికి 90కి చేరింది. అంటే పెరుగుదల సుమారు 5 శాతం. అదే కాలంలో సింగపూర్ డాలరు దాదాపు 63 రూపాయల నుంచి 69 రూపాయల పైకి చేరి 10 శాతం మేర ప్రియమైంది. యూరో 90 రూపాయల లోపు నుంచి 105 రూపాయల దరిదాపులకు వెళ్లింది. అక్కడ పెరుగుదల 18 శాతానికి తగ్గలేదు. ఆ సంవత్సరం ప్రపంచ విపణిలో అమెరికన్ డాలరు స్వయంగా బలహీనపడింది. అటువంటి డాలరు ముందు కూడా రూపాయి తగ్గడంతో మిగిలిన నాణేల ముందు తగ్గుదల రెట్టింపుగా కనిపించింది. సింగపూర్ ద్రవ్య ప్రాధికార సంస్థ తమ డాలరును ఏ ఒక్క దేశపు నాణెంతోనో ముడిపెట్టక, పలు దేశాల నాణేల సముదాయంతో సరిచూసి నిర్వహిస్తుందన్నది కూడా గమనార్హం. కాబట్టి డాలరు రేటు మాత్రమే చూసి "ఖర్చు అయిదు శాతమే పెరిగింది" అని లెక్కవేసుకున్న ప్రయాణికుడు సింగపూర్ యాత్రలో సగం భారాన్ని, మధ్యధరా సముద్ర యాత్రలో మూడింట రెండు వంతుల భారాన్ని లెక్కలోకి తీసుకోనట్లే. పాత్రికేయ మిత్రులు ఇటువంటి వార్తలు వ్రాసేటప్పుడు సింగపూర్ డాలరు, యూరో రేట్లను కూడా జోడిస్తే పాఠకునికి ఎక్కువ ప్రయోజనం కలుగుతుంది.

ఇదేమీ ఈ తీరానికి కొత్త అనుభవం కాదు. పదిహేడవ శతాబ్దంలో మచిలీపట్నం రేవుకు డచ్చి, ఆంగ్ల వర్తకులు తెచ్చిన స్పెయిన్ వెండి రియాళ్లను ఇక్కడ చెల్లే బంగారు వరహాల్లోకి మార్చుకోవలసి వచ్చేది. ఆ రేటు ఎన్నడూ నిలకడగా ఉండేది కాదు. సరుకు ధర ఎంత అన్నదానితో పాటు అది ఏ నాణెంలో అన్నది కూడా బేరంలో భాగమే. కొమ్మమూరు కాల్వ మీద పడవ ఎక్కి బకింగ్‌హాం కాల్వ దారిన మద్రాసు వైపు వెళ్లిన డెల్టా ప్రయాణికునికి మాత్రం ఈ బెడద లేదు.

మూడవ అంశం తేదీ. నౌకా ప్రయాణానికి సొమ్ము ఒకేసారి చెల్లించరు. బుక్ చేసుకున్నప్పుడు కొంత అడ్వాన్సు, ప్రయాణానికి సాధారణంగా రెండు మూడు నెలల ముందు మిగతా మొత్తం చెల్లిస్తారు. ఈ రెండు తేదీల మధ్య రేటులో వచ్చే మార్పు భారమైనా, లాభమైనా ప్రయాణికునిదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక కుటుంబం 2026 మార్చి యాత్రకు 2025 జనవరిలో బుక్ చేసుకున్నదనీ, టిక్కెట్ల ధర 2,400 సింగపూర్ డాలర్లనీ అనుకుందాం. అడ్వాన్సు 500 డాలర్లు. 63 రూపాయల రేటున అది రూ.31,500 అవుతుంది. మిగిలిన 1,900 డాలర్లను డిసెంబరులో 69.50 రూపాయల రేటున చెల్లిస్తే రూ.1,32,050. వెరసి రూ.1,63,550. జనవరిలోనే మొత్తం చెల్లించి ఉంటే రూ.1,51,200తో సరిపోయేది. తేడా రూ.12,350.

అయితే ముందుగా మొత్తం చెల్లించడమే తెలివైన పని అని చెప్పడానికి వీలులేదు. ఆ 1,900 డాలర్లకు సరిపడే రూ.1,19,700ను పదకొండు నెలల పాటు 6.5 శాతం వడ్డీకి బ్యాంకులో ఉంచితే సుమారు రూ.7,100 వచ్చేది. అది తీసివేస్తే ముందు చెల్లింపు వల్ల నికరంగా మిగిలేది అయిదు వేల రూపాయల పైచిలుకు మాత్రమే. యాత్ర రద్దయితే సొమ్ము తిరిగి రాబట్టుకోవడంలోని ఇబ్బంది దీనికి అదనం. పైగా రూపాయి ఎప్పుడూ తగ్గుతూనే ఉంటుందన్నది కూడా పూర్తి నిజం కాదు. 2007 ఆరంభంలో 44 రూపాయలకు పైగా ఉన్న అమెరికన్ డాలరు ఆ ఏడాది నవంబరు నాటికి 39 రూపాయల స్థాయికి దిగివచ్చింది. ఆనాడు ఆలస్యంగా చెల్లించినవారు లాభపడ్డారు, ఎగుమతిదారులు గగ్గోలు పెట్టారు. రేటు ఎటు పోతుందో ముందే చెప్పగలమనే సలహాదారుల పట్ల కొంత జాగ్రత్త అవసరం.

రేటు మనచేతిలో లేదు గాని, చెల్లించే మార్గం మనచేతిలోనే ఉన్నది. నిజానికి ఎక్కువ సొమ్ము అనవసరంగా పోయేది ఇక్కడే. విదేశీ సంస్థ వెబ్‌సైటులో నేరుగా క్రెడిట్ కార్డుతో చెల్లించినప్పుడు కొన్ని కార్డులపై 3.5 శాతం వరకు విదేశీ మారకపు రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ పడుతుంది. కలిపితే 4.13 శాతం. పై ఉదాహరణలోని రూ.1,32,050పై ఈ రుసుము దాదాపు రూ.5,450 అవుతుంది. ఏడాది పొడవునా రేటు మారడం వల్ల పడిన భారంలో ఇది నాలుగింట ఒక వంతు కంటె చాలా ఎక్కువ, సగానికి కొంచెం తక్కువ. అదే మొత్తాన్ని బ్యాంకులో విదేశీ నాణెంలోకి మార్చి పంపితే మారకంపై పడే జీఎస్టీ రూ.209 మాత్రమే. లక్ష రూపాయల వరకు మార్చిన మొత్తంలో ఒక శాతాన్ని, ఆపైన పది లక్షల వరకు అర శాతాన్ని సేవ విలువగా లెక్కించి, ఆ విలువపైనే 18 శాతం పన్ను వేస్తారు. బ్యాంకు పంపకం రుసుము, కొనుగోలు అమ్మకం రేట్ల మధ్య తేడా వేరుగా ఉంటాయి. వాటిని ముందే అడిగి తెలుసుకోవచ్చు. విదేశీ రేవుల్లోని దుకాణాల్లో కార్డు గీసేటప్పుడు "రూపాయల్లో చెల్లిస్తారా?" అని యంత్రం అడిగితే, సొంత నాణెం కదా అని ఒప్పుకోవడం సహజమే. కాని అప్పుడు రేటు నిర్ణయించేది దుకాణం తరఫు సంస్థ. స్థానిక నాణెంలో చెల్లించడమే సాధారణంగా చవక.

టిక్కెట్టు ఒక నాణెంలోనూ, నౌకలో పెట్టే ఖర్చులు మరో నాణెంలోనూ ఉండడం కద్దు. సింగపూర్ నుంచి బయలుదేరే కొన్ని నౌకల్లో సిబ్బందికి ఇచ్చే రోజువారీ బహుమానం, ఇంటర్నెట్, పానీయాలు, రేవు విహారాలు అమెరికన్ డాలర్లలో లెక్కకడతారు. యాత్ర ముగిసే రోజున వచ్చే బిల్లు చూసి ఆశ్చర్యపడేవారు చాలామంది ఈ భాగాన్ని ముందుగా లెక్కలోకి తీసుకోనివారే.

ఇక పన్నుల విషయం. విదేశీ యాత్రా ప్యాకేజీలపై అమ్మకం వేళనే వసూలు చేసే ఆదాయపు పన్ను, అంటే టీసీఎస్, 2020 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. 2023 అక్టోబరు 1 నుంచి ఏడాదికి ఏడు లక్షల రూపాయల వరకు 5 శాతం, ఆపై మొత్తంపై 20 శాతం చొప్పున వసూలు చేశారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ పరిమితిని పది లక్షలకు పెంచారు. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. పరిమితి రూపాయల్లో, ప్యాకేజీ ధర డాలర్లలో. 11,500 అమెరికన్ డాలర్ల ప్యాకేజీ 86 రూపాయల రేటున రూ.9,89,000తో పరిమితి లోపల ఉంటే, 90 రూపాయల రేటున రూ.10,35,000తో పరిమితి దాటుతుంది. యాత్రలో మార్పేమీ లేకున్నా, అధికంగా ఉన్న రూ.35,000పై 20 శాతం పన్ను పడుతుంది. 2026 ఫిబ్రవరి 1న ప్రవేశపెట్టిన కేంద్ర బడ్జెట్టు మొత్తం ఎంతైనా సరే 2 శాతమే వసూలు చేయాలని ప్రతిపాదించి ఈ మెలికను తొలగించే చర్య తీసుకున్నది. టీసీఎస్ అదనపు వ్యయం కాదనీ, రిటర్ను దాఖలు చేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చుననీ తెలియనివారు ఇంకా ఉన్నారు. రిటర్ను దాఖలు చేయని రైతు కుటుంబానికి మాత్రం అది చేతినుంచి పోయిన సొమ్ముగానే మిగులుతుంది. డెల్టాలో ఈ వర్గం చిన్నదేమీ కాదు.

కృష్ణా డెల్టాలో మారకం విలువ ప్రభావం ఒకే దిక్కున ఉండదన్నది కూడా పరిశీలించదగినది. కైకలూరు, ముదినేపల్లి ప్రాంతాల చెరువుల్లో పెరిగే రొయ్య ఎగుమతి అయ్యేది డాలర్లలో. సూత్రప్రకారం రూపాయి తగ్గితే రొయ్య ఎగుమతిదారునికి ఎక్కువ రూపాయలు రావాలి, ఆ మేరకు రైతుకూ ధర పెరగాలి. కాని భారతీయ వస్తువులపై అమెరికా విధించిన 50 శాతం సుంకం 2025 ఆగస్టు 27న అమలులోకి వచ్చి ఆ ఏడాది చివరి వరకు కొనసాగింది. అయిదు శాతం మారకపు లాభం అంతటి సుంకానికి ఏ మూలకూ చాలదు. మామూలు రోజుల్లో ఖర్చు పెరిగినా రాబడి కూడా పెరిగి సరిపోయే ఇంట్లో, ఆ సంవత్సరం ఖర్చు మాత్రమే పెరిగింది. మరోవైపు, అమెరికాలో ఉద్యోగం చేసే పిల్లలు తల్లిదండ్రులను పిలిపించుకుని అక్కడి నుంచి బహామాస్‌కో అలాస్కాకో నౌకలో తీసుకువెళ్లే ఆచారం మన ప్రాంతంలో బాగా పెరిగింది. ఆ టిక్కెట్టు డాలర్లలో సంపాదించి డాలర్లలో చెల్లించేది గనుక రూపాయి రేటుతో దానికి నిమిత్తం లేదు. గన్నవరం నుంచి అమెరికా చేరుకునే విమాన ఛార్జీ రూపాయల్లో చెల్లించే తండ్రికి మాత్రం ఉన్నది.

ఈ ఒడిదుడుకులు వద్దనుకునేవారికి రూపాయల్లోనే ధర నిర్ణయమయ్యే దేశీయ నౌకా యాత్రలు అందుబాటులోకి వచ్చాయి. కార్డీలియా సంస్థ నౌక 'ఎంప్రెస్' 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి యాత్రలు ప్రారంభించింది. విశాఖ రేవులో నిర్మించిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. విజయవాడ నుంచి విశాఖపట్నం, చెన్నై రెండూ ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలోనే ఉన్నాయి. రూపాయి ధర అంటే మారకపు ప్రభావం లేనేలేదని కాదు. నౌక ఇంధనం ధర, విదేశంలో తయారైన నౌక మరమ్మతు సామగ్రి ధర డాలర్లతోనే ముడిపడి ఉంటాయి. అయితే ఆ భారం నిర్వాహక సంస్థ మీద ముందుగా పడి, ప్రయాణికుని మీదికి నిదానంగా, కొంతమేరకే వస్తుంది. బుక్ చేసుకున్న తరువాత ధర మారదు. పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి వెళ్లే బోటు టిక్కెట్టుకూ డీజిల్ ధర ద్వారా డాలరుతో దూరపు చుట్టరికం ఉన్నప్పటికీ, రోజువారీ రేటు దానిని తాకదు.

విదేశీ యాత్ర కొనుగోలు చేసేవారు ఏజెన్సీ నుంచి రసీదుతో పాటు బాకీ ఏ నాణెంలో ఉన్నదో, ఏ రోజు రేటు వర్తిస్తుందో, ఆ రేటు ఎవరిదో వ్రాతపూర్వకంగా తీసుకోవలసి ఉంటుంది. వ్యాపారవర్గాల భాషలో 'ఆర్.ఓ.ఈ.' అని వ్యవహరించే ఈ రేటు, రోజూ ప్రకటించే ఎఫ్‌బీఐఎల్ రిఫరెన్స్ రేటు కంటె కొంత ఎక్కువగా ఉండడం సహజం. ఎంత ఎక్కువ అన్నది అడిగే హక్కు కొనుగోలుదారునికి ఉన్నది. ప్రకటించిన ధరకూ వసూలు చేసిన ధరకూ మధ్య తేడాకు కారణం చూపని సందర్భాల్లో 1915 జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి గాని, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు గాని ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుతో పాటు మొదటి ప్రకటన ప్రతిని, రెండు చెల్లింపుల తేదీలను, ఆయా తేదీల రిఫరెన్స్ రేట్లను జతపరచడం మంచిది.