2048 వెనుక 14 నెలల కష్టం

2014 మార్చిలో ఇటలీకి చెందిన 19 ఏళ్ల గాబ్రియెలె చిరుల్లీ ఓ వారాంతంలో చిన్న ఆట తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. వారం తిరక్కుండానే 40 లక్షల మంది దాన్ని చూడటానికి వచ్చారు. ఆ ఆట పేరు 2048. డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు, ఖాతా తెరవనక్కర్లేదు, పైసా కట్టనక్కర్లేదు. బ్రౌజర్‌లో పేజీ తెరిస్తే ఆట మొదలైనట్టే.

నియమాలు చెప్పడానికి నిమిషం పట్టదు. నాలుగు నిలువు, నాలుగు అడ్డం వరసల్లో 16 గళ్లు. బాణం మీట నొక్కితే పలకలన్నీ ఆ వైపుకు జారతాయి. ఒకే అంకె ఉన్న రెండు పలకలు తగిలితే ఒకటైపోతాయి. రెండు రెళ్లు నాలుగు, రెండు నాలుగులు ఎనిమిది, అలా 2048 దాకా వెళ్లాలి. ప్రతి ఎత్తుకూ ఖాళీ గడిలో కొత్త పలక పుడుతుంది. అది చాలాసార్లు 2, అరుదుగా 4. కదలడానికి దారి మూసుకుపోతే ఆట ముగిసినట్టే.

ఇంత సాదా ఆట గంటలకొద్దీ ఎందుకు కూర్చోబెడుతుంది? గడియారం తరమదు కాబట్టి తొందర లేదు. పెద్ద అంకెను ఒక మూలన కాపాడుకోవాలన్న కిటుకు కొద్ది ఆటల్లోనే తెలిసొస్తుంది. దాంతో ఓడిన ప్రతిసారీ తప్పు తనదేననీ, ఈసారి దిద్దుకోవచ్చనీ ఆడేవారికి అనిపిస్తుంది. 1024 పలక కుదిరి, రెండోది సగంలో ఉండగా ఆట పోతే లేచి వెళ్లడం కష్టమే.

అయితే ఈ ఆకర్షణ ఒక్క వారాంతంలో పుట్టింది కాదు.

2014 ఫిబ్రవరి 6న ఐఫోన్లలో 'థ్రీస్' అనే ఆట విడుదలైంది. దాని సృష్టికర్తలు ఆషర్ వోల్మర్, గ్రెగ్ వోల్వెండ్; సంగీతం జిమ్మీ హిన్సన్. నాలుగేసి గళ్ల బోర్డు, ఒక్క తోపుతో కదిలే అంకెలు, కలిస్తే రెట్టింపయ్యే పద్ధతి వాళ్లు రూపుదిద్దినవే. అందులో 1, 2 కలిస్తే 3. రెండు మూడ్లు కలిస్తే 6. ఇంత తేలికైన నియమం దగ్గరికి చేరడానికి వాళ్లకు 14 నెలలు పట్టింది. సుషీ బొమ్మలతో ఒకసారి, చదరంగం పావులతో మరోసారి ప్రయత్నించి పక్కన పెట్టేశారు. 1.99 డాలర్ల ధరకు అమ్మారు. నెల తిరక్కుండానే వీవో స్టూడియో '1024' అనే ఇలాంటి ఆటను తెచ్చింది. ఆ దారిలోనే 2048 వచ్చి, అసలును మించిన పేరు తెచ్చుకుంది. మార్చి నెలాఖరులో థ్రీస్ బృందం తమ మధ్య నడిచిన ఈమెయిళ్లను బయటపెట్టి, ఎంత శ్రమపడిందీ లోకానికి చూపించుకోవలసి వచ్చింది.

చట్టం వాళ్లకు అండగా నిలవదు. ఆట నియమాలకు కాపీరైట్ లేదు. బొమ్మలకూ సంగీతానికీ రాసిన కోడ్‌కూ ఉంటుంది. మన సుప్రీంకోర్టు కూడా 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో ఇదే సూత్రం చెప్పింది: ఆలోచనకు కాపీరైట్ ఉండదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుంది. ఆ సూత్రం సరైనదే. నియమాలకు యజమానులు పుట్టుకొస్తే కొత్త ఆటలే రావు. కానీ చట్టం అడగని చోట మర్యాద అడగాలి. మూలం ఎవరిదో చెప్పడం కనీస ధర్మం.

ఆ ధర్మాన్ని చిరుల్లీ పాటించాడు. 1024 ఆధారంగా చేశాననీ, థ్రీస్‌ను పోలి ఉంటుందనీ తన పేజీలోనే రాశాడు. కోడ్‌ను ఎవరైనా వాడుకునేలా ఉచితంగా వదిలేశాడు. ఆ తర్వాత యాప్ స్టోర్లలో పుట్టుకొచ్చిన నకళ్లలో చాలావాటికి ఆ పాటి నిజాయితీ కూడా లేదు. ప్రకటనలు పెట్టి సొమ్ము చేసుకున్నాయి, మూలకర్తల ఊసే ఎత్తలేదు.

ఇది మన ఇంజినీరింగ్ కాలేజీలకూ పట్టాల్సిన విషయం. 2048 కోడ్‌ను విప్పి చదవడం, మార్చి చూడడం ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి మంచి సాధన. దాన్నే సొంత ప్రాజెక్టుగా అప్పగిస్తే మాత్రం అధ్యాపకులు ఒప్పుకోకూడదు. ఏది ఎక్కడి నుంచి తెచ్చారో, తాము చేర్చిందేమిటో మొదటి పేజీలోనే విద్యార్థుల చేత రాయించాలి. 2048 ఆడేవారు కూడా ఒక్కసారి థ్రీస్ ఆడి చూడాలి, వీలైతే కొనుక్కోవాలి.