బాలామృతంతో పాటు మాట కూడా

తెలంగాణ మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ సంచాలకులకు,

ఏడు నెలలు నిండిన బిడ్డకు అంగన్‌వాడీ నుంచి నెలనెలా బాలామృతం అనే పోషకాహారం అందుతుంది. ఆటపాటల చదువు మాత్రం మూడేళ్లు నిండాకే. మెదడు చకచకా ఎదిగేది ఆ మూడేళ్లలోపే!

అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970లలో ఒక ప్రయోగం చేశారు. బిడ్డతో ఊసులాడుతున్న తల్లి ఉన్నట్టుండి ముఖంలో ఏ కదలికా లేకుండా ఉండిపోవాలి. బిడ్డ మొదట నవ్వి పిలుస్తుంది, చేతులు చాస్తుంది, చివరికి ముఖం తిప్పుకుని బెంగపడుతుంది. మాటలు రాని పసికందుకూ బదులు కావాలి.

ఆ బదులు ఫలితం పెద్దయ్యాకా కనిపిస్తుంది. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1986-87లో శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ బృందం ఎదుగుదల తగ్గిన 129 మంది పసిపిల్లలపై అధ్యయనం మొదలుపెట్టింది. ఆరోగ్య కార్యకర్తలు కొన్ని ఇళ్లకు వారానికోసారి వెళ్లి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి గంటసేపు చూపించారు. రెండేళ్లు, అంతే. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, ఆ సాయం అందని తోటివారి కంటే 25 శాతం ఎక్కువగా తేలింది. పోషకాహారం ఒక్కటే అందినవారిలో ఆ లాభం కనిపించలేదు.

మూడేళ్లలోపు పిల్లల కోసం కేంద్రం 2024లో ‘నవచేతన’ మార్గదర్శకాలు ఇచ్చింది. అవి బీరువాలో ఉండిపోకూడదు. ఇంటికెళ్లిన అంగన్‌వాడీ టీచరు బిడ్డ బరువుతో పాటు, రోజూ ఆ బిడ్డతో ఎవరు మాట్లాడుతున్నారో కూడా అడగాలి. దోబూచులకూ తారంగానికీ ఖర్చేముంది? ఆదిలాబాద్ గూడేల్లో ఆ మాటలు గోండిలోనే సాగనివ్వండి.

కావలసింది టీచరు సమయం. రిజిస్టర్ల పని తగ్గించి, ఆ సమయం ఆమెకు ఇప్పించండి.