'హ్యూమన్' గోల కాదు మహాప్రభో!

మొన్న లంచ్ అయ్యాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏదో బగ్ చూసుకుంటుంటే, మా పక్క సీటాయన వచ్చి వాటిని లాక్కుని తన చెవులకి తగిలించుకున్నాడు. గట్టిగా పది సెకన్లు. "ఏంటి తమ్ముడూ ఈ గోల? ఎవడో గొంతు పట్టేసినట్టు అరుస్తున్నాడు, వెనకాల ఇంకెవడో రేకుడబ్బాలు బాదుతున్నాడు. దీన్ని కూడా సంగీతమంటారా?" అని తీర్పు చెప్పేసి టీకి వెళ్ళిపోయాడు. పది సెకన్లలో తీర్పు! మన కోడ్‌ని ఎవరైనా ఇలా రివ్యూ చేస్తే ఊరుకుంటామా?

ఆ గోల పేరు 'హ్యూమన్'. డెత్ అనే అమెరికన్ బ్యాండు 1991లో విడుదల చేసింది. ఫ్లోరిడాలో, టాంపాలోని మోరిసౌండ్ స్టూడియోలో రికార్డు చేశారు. ఎనిమిదే ట్రాకులు, మొత్తం 34 నిమిషాలు. ప్రోగ్రెసివ్ డెత్ మెటల్ అని ఇప్పుడు మనం పిలుస్తున్న దానికి దారి వేసిన వాటిలో ఇదొకటి. నేను పుట్టకముందే వచ్చిన ఆల్బం. ఇంజనీరింగ్ సెకండియర్లో ఒక సీనియర్ హార్డ్ డిస్కులోంచి కాపీ కొట్టుకుని విన్నప్పుడు నాకూ గోలలాగే వినిపించింది, ఒప్పుకుంటాను.

ఇక ఆ అరుపు సంగతంటారా? అది పాడటం కాదు, అదీ ఒక తాళవాద్యమే అనుకుని వినండి, సగం గొడవ తీరిపోతుంది. మాటలు అర్థం కావట్లేదని గొణిగేవాళ్ళు ఈ మధ్య మన సినిమా పాటల్లో ఎన్ని మాటలు అర్థమవుతున్నాయో ఓసారి గుండె మీద చెయ్యేసుకుని చెప్పాలి.

నిజానికి నా కోపం పక్క సీటాయన మీద కాదు. ఆయనకి తెలీదు, అంతే. తెలుసనుకునే మెటల్ వీరాభిమానుల మీదే నా కోపమంతా. 'హ్యూమన్' ఎందుకు గొప్పదిరా అని అడిగి చూడండి. "ఆ స్పీడేంటి మామా! ఆ డబుల్ బేస్ ఏంటి!" అంటారు. స్పీడట! ప్రోగ్రామర్ ఎంత గొప్పవాడో రోజుకి ఎన్ని లైన్లు రాశాడో లెక్కపెట్టి చెప్పే మేనేజర్‌కీ వీళ్ళకీ ఏమిటి తేడా? స్పీడే కావాలంటే ఇంతకంటే స్పీడుగా వాయించే బ్యాండ్లు వీధికొకటి ఉన్నాయి. వాటిలో చాలావాటిని రెండోసారి వినబుద్ధి కాదు.

మా తాతయ్యకి రేడియోలో కచేరీలు వినే అలవాటు. మృదంగం జోరందుకుంటే నేను ఎగిరేవాణ్ణి. ఆయన మాత్రం, "వాయించడం ఎవడైనా వాయిస్తాడ్రా, పాట ఎక్కడ ఆగుతుందో వాడికి తెలియాలి" అనేవారు. షాన్ రైనర్ట్ డ్రమ్స్ విన్నప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. మొదటి పాట 'ఫ్లాటెనింగ్ ఆఫ్ ఎమోషన్స్'లో డ్రమ్స్ ఎక్కడో దూరం నుంచి మెల్లగా దగ్గరికొస్తాయి. అక్కణ్ణుంచి ఆయన ఏ గిటారు రిఫ్‌నీ గుడ్డిగా తొక్కుకుంటూ పోడు. రిఫ్ ఎక్కడ విరుగుతుందో అక్కడ సింబల్, అది ఎక్కడ ఖాళీ వదిలితే అక్కడ ఒక చిన్న జవాబు. వేళ్ళతో తట్టారా అన్నంత మెత్తటి దెబ్బలు కూడా మధ్యమధ్యలో ఉంటాయి. 'లాక్ ఆఫ్ కాంప్రహెన్షన్' మొదట్లో గిటారు డిస్టార్షన్ లేకుండా నెమ్మదిగా మోగుతుంటే, సింబల్స్ ఎంత ఒద్దికగా నడుస్తాయో వినండి. జాజ్ ఫ్యూజన్ విని పెరిగిన చెయ్యి అది. ఆ వాయించినాయనకి అప్పుడు ఇరవయ్యేళ్ళు! నలుగురిలో ఎవరికీ పాతికేళ్ళు నిండలేదు.

ఇక్కడ కొంచెం కథ చెప్పాలి. 1990లో బ్యాండు నాయకుడు చక్ షుల్డినర్ యూరప్ టూరుకి రానంటే మిగతావాళ్ళు ఆయన లేకుండానే వెళ్ళిపోయారు. దాంతో ఆయన కొత్త మనుషుల్ని వెతుక్కున్నాడు. సినిక్ అనే మయామీ బ్యాండు నుంచి రైనర్ట్‌నీ, గిటారిస్టు పాల్ మాస్విడాల్‌నీ, సాడస్ నుంచి బేస్ గిటారు స్టీవ్ డి జార్జియోనీ తెచ్చుకున్నాడు. అంతకు ముందరి మూడు ఆల్బంలూ నాకిష్టమే, కానీ వాటి పక్కన ఇది పెడితే ఇదే బ్యాండా అనిపిస్తుంది. పాటలు చక్‌వే, కాదనను. కానీ మన అభిమానుల నోట చక్ తప్ప ఇంకో పేరు రాదు. మనిషి మారకుండా సంగీతం ఇంతలా మారిందంటే పక్కన చేరినవాళ్ళు ఏదో చేసినట్టే కదా? ఆ ఇద్దరూ 1993లో సినిక్ పేరుతో చేసిన 'ఫోకస్' వింటే అనుమానం తీరిపోతుంది.

డి జార్జియోది ఇంకా అన్యాయం. అంత బేస్ వాయిస్తే పాత మిక్స్‌లో అది గిటార్ల కింద ఎక్కడో పూడుకుపోయింది. 2011లో జిమ్ మోరిస్ మళ్ళీ మిక్స్ చేసి రీఇష్యూ వచ్చాక గానీ జనానికి సరిగ్గా వినపడలేదు. ఇరవయ్యేళ్ళు! నా పాత ప్రాజెక్టులో డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టులన్నీ ఒకమ్మాయి ఒంటిచేత్తో రాసింది. రిలీజయ్యాక వచ్చిన అభినందనల మెయిల్లో ఆమె పేరు లేదు. ఆ మెయిల్‌కి రిప్లై ఆల్ కొట్టి చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది. పాత మిక్స్ విన్నప్పుడల్లా అదొకటి గుచ్చుకుంటుంది.

చక్ 2001 డిసెంబరులో బ్రెయిన్ ట్యూమర్‌తో పోయాడు. ఇప్పటికీ ప్రతి డిసెంబరులో మా మెటల్ గ్రూపు నివాళులతో నిండిపోతుంది, పోవాలి కూడా. 2020 జనవరిలో రైనర్ట్ 48 ఏళ్ళకే పోయినప్పుడు అదే గ్రూపులో నేను పెట్టిన మెసేజ్ ఒక్కటే ఉంది. దాని కింద ఒకడు "ఎవరు బ్రో ఈయన?" అని అడిగాడు. వాడి ప్రొఫైల్ ఫోటో ఏంటో తెలుసా? 'హ్యూమన్' అట్ట మీది బొమ్మ.

నిన్న పట్టువదలకుండా పక్క సీటాయనకి 'లాక్ ఆఫ్ కాంప్రహెన్షన్' పెట్టి, "అరుపు వదిలెయ్యండి సార్, ఒక్క సింబల్స్ వినండి" అని బతిమాలాను. మొదటి నిమిషం తల ఊపాడు, వేళ్ళతో డెస్క్ మీద తాళం కూడా వేశాడు. తర్వాత అసలు పాట అందుకోగానే హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టి, "ముందు ముక్క బావుంది తమ్ముడూ, అదొక్కటే కట్ చేసి పంపుతావా, రింగ్‌టోన్ పెట్టుకుంటా" అన్నాడు.

హతవిధీ!