మరపు వెనుక మధుమేహం

మండవల్లి మస్జిదులో మొదటి వరుసలో నిలబడే ఒక పెద్దాయన కొన్ని నెలలుగా రకాతుల లెక్క తప్పుతున్నారు. ఇంట్లో అడిగిన మాటే మళ్ళీ అడుగుతున్నారు. "అబ్బాకు డెబ్బై దాటాయి కదా, వయసు వల్ల వచ్చిన మరపు" అన్నారు కుమారుడు. ఆయనకు పదిహేనేళ్ళుగా మధుమేహం ఉంది. మందులు సక్రమంగా వేసుకుంటున్నారా అని అడిగాము. "ఆ సంగతి ఆయనే చూసుకుంటారు" అన్నారు. మాకు ఆందోళన కలిగించింది ఈ మాటే.

చక్కెర వ్యాధి అనగానే కాలి పుండు, కంటిచూపు, కిడ్నీలు గుర్తుకు వస్తాయి. మెదడు గుర్తుకు రాదు. శరీర బరువులో 2 శాతమే ఉండే మెదడు విశ్రాంతి వేళ ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతం తానే వాడుకుంటుంది. దాని ప్రధాన ఇంధనం గ్లూకోజే. (గ్లూకోజు నుండి లభించే శక్తిని కణాలు ఏటీపీ రూపంలో వాడుకుంటాయి. 1929లో ఆ పదార్థాన్ని కనుగొన్నవారిలో ఒకరైన యల్లాప్రగడ సుబ్బారావు మన రైలు మార్గంలోని భీమవరంలోనే జన్మించారు.) ఇంధనం ఎక్కువైతే మేలే కదా అనిపించవచ్చు. కాని చక్కెర ఏళ్ళ తరబడి అధికంగా ఉంటే సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. పంటబోదె పూడిపోతే చివరి మడికి నీరందనట్లు మెదడు లోపలి భాగాలకు రక్తం సరిగా అందదు. ఆలోచన మందగిస్తుంది, ఏకాగ్రత తగ్గుతుంది, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. మధుమేహులకు డిమెన్షియా ముప్పు దాదాపు రెట్టింపని నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరంలో జరిగిన అధ్యయనం 1999లో వెల్లడించింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మరపు వల్ల మాత్ర తప్పుతుంది, మాత్ర తప్పితే చక్కెర పెరుగుతుంది, చక్కెర పెరిగితే మరపు ముదురుతుంది. వేసుకున్న సంగతి మరచి రెండోసారి వేసుకుంటే మరింత ప్రమాదం. చక్కెర 70కి దిగువకు పడిపోతే చెమటలు, వణుకు, తికమక కలుగుతాయి. అప్పుడు స్పృహలో ఉంటే వెంటనే చక్కెర నీళ్ళు తాగించాలి; స్పృహ లేనివారి నోట ఏదీ పోయరాదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి. అలాగే విపరీతమైన దాహం, అతిమూత్రం, మగత, పొంతన లేని మాటలు కనిపిస్తే చక్కెర 600 దాటి ఉండవచ్చు. దానిని "ముసలితనపు చాదస్తం" అని తెల్లవారేదాకా వదిలివేయరాదు.

రమజాను రోజాల విషయం ముందుగానే వైద్యునితో మాట్లాడుకోవాలి. రోగికి షరీఅత్ సడలింపు ఇచ్చింది. వేలి చివర రక్తపు చుక్క తీసి పరీక్షించుకున్నంత మాత్రాన రోజా భంగం కాదని ఉలమాలు చెబుతున్నారు.

ఆ పెద్దాయన మాత్రల డబ్బా ఇప్పుడు కోడలి చేతిలో ఉంది. ఫజ్ర్ తరువాత ఆమే లెక్కపెట్టి ఇస్తున్నారు. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవారిలో బి12 విటమిన్ తగ్గవచ్చు, ఆ లోపం వల్ల కూడా మరపు వస్తుంది. అందుకని ఏలూరులోని వైద్యుడు ఆ పరీక్షకూ రాశారు. ఫలితం ఇంకా రావలసి ఉంది.